ఒక్క పొద్దులో మూడు రాజ్యాలు

చూడ్డానికి ఓ ఇటుకల దిబ్బ, ఓ పాత కొండ, సముద్రం ఒడ్డున ఓ గుడి. అంతే! కానీ పక్కన తెలిసిన మనిషి ఒకరుంటే... శాతవాహనులు, రెడ్డిరాజులు, కాకతీయులు ముగ్గురూ ఒకే రోజు దర్శనమిస్తారు. గుంటూరులో తెల్లవారగానే బయల్దేరితే చీకటి పడేలోగా చూసేయగలిగిన దారి ఇది.

చైనాలో షియాన్ అనే ఊరుంది. ఎన్నో రాజవంశాలకు రాజధానిగా వెలిగిన నగరం. అక్కడ దిగిన పర్యాటకులకు ఒక్కరోజు టూరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చిన్న జెండా పట్టుకుని గైడు ముందు నడుస్తుంటే, వెనకాల బిలబిలమంటూ జనం. పొద్దున చక్రవర్తి చిన్ షీ హువాంగ్ సమాధి దగ్గర బారులు తీరిన మట్టి సైనికులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏడంతస్తుల పగోడా. దాన్ని 652లో కట్టారు. ఎందుకో తెలుసా? హ్యూయన్‌త్సాంగ్ అనే భిక్షువు భారతదేశమంతా తిరిగి మోసుకెళ్లిన గ్రంథాలను భద్రంగా దాచడానికి.

ఆ గుంపులో గుంటూరు వాళ్లెవరైనా ఉంటే కాస్త గర్వంగా ఓ మాట అందుకోవచ్చు. ఆ భిక్షువు కొన్ని నెలలపాటు మన కృష్ణ ఒడ్డునే ఉన్నాడు మరి! క్రీ.శ.639 ప్రాంతంలో ధాన్యకటకానికి వచ్చి, ఇక్కడి భిక్షువుల దగ్గర అభిధర్మ గ్రంథాలు చదువుకున్నాడు. తను చూసింది చూసినట్లు రాసుకున్నాడు కూడా. ఆరామాలు చాలానే ఉన్నాయనీ, కానీ ఎక్కువ భాగం పాడుబడ్డాయనీ, ఓ 20 మాత్రం వాడుకలో ఉంటే వాటిలో వెయ్యిమంది దాకా భిక్షువులు ఉన్నారనీ. అంటే దాదాపు 1400 ఏళ్ల కిందటే ఆయన శిథిలాలు చూశాడన్నమాట.

షియాన్ టూరు మనవాళ్లు చాలామందికి తెలుసు. ఫొటోలు తెచ్చుకుంటారు, ఆల్బమ్‌లో పెట్టుకుంటారు. ధాన్యకటకం టూరు మాత్రం గుంటూరు వాళ్లకే తెలియదు. స్కూలు పిల్లల విహారయాత్రలు అమరావతి వెళ్తాయి. అమరేశ్వరుడి దర్శనం, కృష్ణలో కాళ్లు తడుపుకోవడం, చెట్టు కింద పులిహోర పొట్లాలు. స్తూపం దగ్గర పది నిమిషాలు. 'చూడ్డానికి ఏముందండీ అక్కడ' అనేస్తారు పెద్దలు. నిజమే. చూడ్డానికి లేదు. వినడానికి చాలా ఉంది. అందుకే ఈ దారిలో కారు కంటే, కెమెరా కంటే ముందు సంపాదించుకోవాల్సింది చెప్పే మనిషిని. జెండా పట్టుకున్న గైడు దొరక్కపోవచ్చు. చరిత్ర చెప్పిన మాస్టారో, శాసనాలంటే పిచ్చి ఉన్న బంధువో ఎవరో ఒకరు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. బతిమాలైనా సరే, ముందు సీట్లో కూర్చోబెట్టుకోవాలి.

మిరపకాయ తినని రాజులు

గుంటూరు నుంచి అమరావతికి సుమారు 35 కిలోమీటర్లు. లాం దాటితే రెండువైపులా నల్లరేగడి చేలు. పత్తి, మిరప. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అయితే కళ్లాల నిండా ఎర్రగా ఎండుమిర్చి పరిచి ఉంటుంది. కారు అద్దం దించితే ఘాటు.

ఇక్కడే పిల్లలకు చెప్పదగ్గ తమాషా ఒకటుంది. ఈ రోజు చూడబోయే రాజుల్లో ఏ ఒక్కరూ మిరపకాయ రుచి ఎరగరు! శాతవాహనులూ, కాకతీయులూ, రెడ్డిరాజులూ కారం కావాలంటే మిరియాలే వాడారు. మిరప అమెరికా ఖండంలో పుట్టింది. పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి చేరేసరికి పదహారో శతాబ్దం వచ్చేసింది. గుంటూరు గోంగూర పచ్చడిలో ఎండుమిర్చి లేకపోతే ఎలా ఉండేదో ఊహించుకోవడం కష్టమే. పత్తి సంగతి వేరు. అది మనదే. సాయంత్రానికి దాని కథ కూడా వస్తుంది.

కోట లేని కోట

అమరావతి ఊళ్లోకి వెళ్లే ముందు ధరణికోట దగ్గర ఆగాలి. చాలామంది ఆగరు. పేరులో కోట ఉన్నా రాతి బురుజులేమీ కనిపించవు. పొలాల మధ్య, ఇళ్ల మధ్య ఎత్తుగా మట్టికట్ట ఆనవాళ్లు కనిపిస్తాయి. చెరువు కట్ట అనుకుని దాటిపోయేవాళ్లే ఎక్కువ. అది ధాన్యకటక నగరం చుట్టూ ఉన్న ప్రాకారం. మహారాష్ట్రలోని పైఠాన్‌తో మొదలుపెట్టి దక్కన్‌నంతా ఏలిన శాతవాహనులకు చివరి రోజుల్లో ఇది ముఖ్య నగరం. 1962 నుంచి 1965 దాకా పురావస్తు శాఖ ఇక్కడ తవ్వితే పడవలు వచ్చి ఆగే రేవు, దానికి నీళ్లు తెచ్చే కాలువ బయటపడ్డాయి. సముద్రం ఎక్కడో ఉంది, కృష్ణ మీదుగా సరుకు ఇక్కడి దాకా వచ్చేదన్నమాట.

ఇప్పుడు 'రాజధాని' అంటే ఈ చుట్టుపక్కల వాళ్లకి వేరే అర్థం. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగిన నాటి నుంచీ ఆ మాట చుట్టూ ఎన్ని ఆశలు, ఎన్ని పాదయాత్రలు, ఎన్ని కోర్టు కేసులు! కొత్త రాజధానికి పేరిచ్చిన ఊరు ఇదే. కానీ పాత రాజధాని గోడ మీద నిలబడి ఉన్నామని చెప్పే మనిషి లేకపోతే ఆ మట్టికట్ట మట్టికట్టే.

దీపాలదిన్నె

మహాచైత్యం దగ్గరికి వచ్చేసరికి పిల్లలు కచ్చితంగా అడిగే ప్రశ్న ఒకటే. 'స్తూపం ఏదీ?'

ఎదురుగా ఉన్నది ఇటుకల వలయం. మధ్యలో గడ్డి. అంచుల్లో నిలబెట్టిన కొన్ని రాతి పలకలు. తెలిసిన గైడు ఇక్కడ ఉపన్యాసం మొదలుపెట్టడు. ముందు అందర్నీ ఎడమ నుంచి కుడికి ఆ వలయం చుట్టూ ఒక ప్రదక్షిణ చేయిస్తాడు. ఆ నడకలోనే దాని పరిమాణం కాళ్లకు తెలుస్తుంది. అండం అడ్డుకొలత సుమారు 160 అడుగులు. నాలుగు దిక్కులా ముందుకు పొడుచుకొచ్చిన వేదికలు, ఒక్కో వేదిక మీద అయిదేసి స్తంభాలు. చుట్టూ మనిషికంటే ఎత్తయిన రాతి కంచె. పలనాటి సున్నపురాయి మీద ఏ మూల చూసినా పద్మాలు, జాతక కథలు, ఏనుగులు, నాగులు. క్రీస్తుపూర్వం మొదలై, క్రీ.శ. రెండో శతాబ్దంలో శాతవాహనుల కాలానికి నిండు రూపం దాల్చిన కట్టడమిది.

రాజులు కట్టించారని అంటాం కానీ పలకల మీద శాసనాలు చదివితే వేరే లోకం కనిపిస్తుంది. అన్నీ చిన్నచిన్న దానాలు. ఒకరు ఓ పలక, ఒకరు ఓ స్తంభం. ఇల్లాళ్లు, భిక్షుణులు, వర్తకులు, సుగంధ ద్రవ్యాలమ్మేవాళ్లు. పూర్ణకుంభం చెక్కిన ఓ అందమైన పలక మీద దాత పేరు విధికుడు. ఆయన వృత్తి చర్మకారుడు. తోలు పని చేసుకునే మనిషి కుటుంబంతో సహా ఇచ్చిన దానం, దాదాపు రెండు వేల ఏళ్లు పేరు నిలబెట్టింది. ఇక్కడి రాతి ముక్క మీదే 'నాగబు' అనే మాట కూడా దొరికింది. తెలుగు మాటల్లో అతి పాత వాటిలో ఒకటిగా దాన్ని వేటూరి ప్రభాకరశాస్త్రి గుర్తించారు.

ఇంత వైభవం ఏమైంది? ఈ కథ మాత్రం తీరిగ్గా చెప్పించుకోవాలి. కూర్చోడానికి నీడ చూసుకోండి.

బౌద్ధం తగ్గిపోయాక కూడా ఈ చోటు పూర్తిగా మరుగున పడలేదు. శ్రీలంకలో గడలదెణియ అనే చోట 1344 నాటి శాసనం ఒకటుంది. ధర్మకీర్తి అనే భిక్షువు ధాన్యకటకం వచ్చి బుద్ధుడి మందిరాన్ని బాగుచేయించాడని అది చెబుతుంది. ఆ తర్వాత మాత్రం నిశ్శబ్దం. మట్టి కప్పేసింది. ఊరివాళ్లు ఆ దిబ్బను 'దీపాలదిన్నె' అని పిలుచుకున్నారు. ఎందుకు దీపాలో వాళ్లకూ తెలియదు.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి నివాసం ఇక్కడికి మార్చారు. చెంచులను చంపించిన పాపం వెంటాడి, పళ్లెంలో అన్నం పురుగులుగా కనిపించేదనీ, అమరేశ్వరుణ్ని ఆశ్రయించాకే శాంతించిందనీ ఈ ప్రాంతంలో కథగా చెప్పుకుంటారు. గుడి బాగుచేయించాలి, ఊరు కట్టించాలి. రాయి కావాలి. పనివాళ్లు దిబ్బ తవ్వితే తెల్లటి పలకలు తళతళలాడుతూ బయటికొచ్చాయి. నిధి ఉందేమోనని కూడా తవ్వారు. 1798లో సర్వేయరు కాలిన్ మెకంజీ విని వచ్చాడు, చూశాడు. 1816లో మళ్లీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వుతున్నారు! పలకలు కొన్ని కొత్త కోనేటి మెట్లయ్యాయి. కొన్ని గోడల్లో కలిశాయి. సున్నపురాయి కాబట్టి కొన్నింటిని కాల్చి సున్నం చేసేశారు. జాతక కథలు గోడలకు వెల్లగా మారిపోయాయి. మెకంజీ తన మనుషుల చేత గబగబా బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత మాయమైన పలకల్లో కొన్నింటి రూపం తెలిసేది ఆ బొమ్మల వల్లే.

1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి పలకలను మద్రాసుకు పంపాడు. అక్కడ ఏళ్ల తరబడి అవి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో కొన్ని లండన్ ఓడ ఎక్కాయి. అక్కడేమైనా రాజభోగమా అంటే అదీ కాదు, గిడ్డంగిలో పడేశారు. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే పండితుడి కంటపడేదాకా వాటి ఊసే లేదు. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. సరిగ్గా అదే ఏడాది ఇక్కడ మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ ప్రభువు ఆదేశంతో దిన్నెను మొత్తం తవ్వేశారు. మరుసటేడు జేమ్స్ బర్జెస్ శాస్త్రీయంగా పరిశీలిద్దామని వస్తే కనిపించింది పెద్ద గొయ్యి. ఒకళ్లు అజ్ఞానంతో, ఇంకొకళ్లు అత్యుత్సాహంతో... ఎవరి వంతు వాళ్లు కానిచ్చారు.

షియాన్ మట్టి సైనికుల కథ కూడా దాదాపు ఇలాగే మొదలైంది. 1974లో రైతులు బావి తవ్వుతుంటే బొమ్మలు బయటపడ్డాయి. కానీ అక్కడ గోతుల మీదే కప్పు వేసి 1979లో మ్యూజియం తెరిచారు. సైనికులు నిలబడిన చోటే నిలబడ్డారు. టిక్కెట్టు కొని లోపలికెళితే గైడు చెప్పినా చెప్పకపోయినా కళ్లకు కనిపిస్తుంది. ఇద్దరికీ మధ్య పద్దెనిమిది దశాబ్దాల కాలం తేడా ఉంది నిజమే, అప్పటికి పురావస్తు శాస్త్రమే ఇంకా కళ్లు తెరవలేదు. అయినా ఇటుకల వలయం దగ్గర నిలబడి ఈ రెండు కథలూ ఒకదాని పక్కన ఒకటి వింటే మనసు చివుక్కుమనక మానదు.

మదపుటేనుగు నాలాగిరిని బుద్ధుడు శాంతింపజేసే ప్రసిద్ధ శిల్పం చూడాలంటే ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియానికి వెళ్లాలి. ఒకవైపు బోధివృక్షం, రెండోవైపు స్తూపం చెక్కిన పలక కావాలంటే లండన్. పాత పలకనే తిప్పి వెనకవైపు కొత్తగా చెక్కారు, అప్పట్లోనూ రాయి పొదుపు ఉంది. అయితే నిరాశ పడనక్కర్లేదు. అమరావతిలోనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, అది గుర్తుపెట్టుకుని రోజు ఎంచుకోవాలి. శిల్పులు పలకల మీద స్తూపం బొమ్మనే చెక్కారు కాబట్టి అలాంటి పలక ఒక్కటి చూస్తే చాలు. కంచె, వేదికలు, స్తంభాలు, పైన ఎగిరే గంధర్వులు అన్నీ ఉంటాయి. ముందు మ్యూజియం చూసి తర్వాత స్తూపానికి వెళ్లడం మేలు. అప్పుడు ఆ గడ్డి మీద కళ్లు వాటంతటవే స్తూపం కట్టుకుంటాయి.

టిబెటన్లు మాత్రం ఈ చోటుని ఏనాడూ మరవలేదు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనేనని వాళ్ల నమ్మకం. లాసా దగ్గరి పెద్ద మఠం 'డ్రెపుంగ్' పేరుకు అర్థం ధాన్యపు రాశి. అది మన ధాన్యకటకానికి టిబెటన్ అనువాదమే. 2006 జనవరిలో దలైలామా వచ్చి ఇక్కడ కాలచక్ర నిర్వహించినప్పుడు దేశదేశాల నుంచి జనం పోటెత్తారు. అప్పుడు కానీ చుట్టుపక్కల ఊళ్లకు 'మన దగ్గర ఇంతుందా' అని తెలిసిరాలేదు. ఊరి చివర 125 అడుగుల ధ్యానబుద్ధుడి విగ్రహం ఇప్పుడు ఫొటోలకు పెద్ద ఆకర్షణ.

అమరేశ్వరుడి గుడి పంచారామాల్లో ఒకటి. లింగం ఎంత పొడవంటే అభిషేకం చేయాలంటే పూజారి పై అంతస్తు ఎక్కాలి. దర్శనం చేసుకుని పదిన్నరకల్లా బయటపడాలి. ఎండ ముదిరితే కొండ మీద తిరగలేం.

వసంతరాయలు ఏలిన కొండ

మళ్లీ గుంటూరు వైపు వచ్చి, ఫిరంగిపురం మీదుగా కొండవీడు. దూరం నుంచి చూస్తే మామూలు కొండల వరస. దగ్గరికొచ్చాక శిఖరాల మీద గీత గీసినట్లు గోడ కనిపిస్తుంది. ఒకప్పుడు మెట్లదారిన ఆయాసపడుతూ ఎక్కాల్సి వచ్చేది. ఇప్పుడు ఘాట్ రోడ్డు ఉంది. ముసలివాళ్లు కూడా హాయిగా పైకి చేరొచ్చు.

కాకతీయ సామ్రాజ్యం 1323లో కూలిపోయాక ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రాజ్యం నిలబెట్టాడు. మహాభారతాన్ని పూర్తిచేసిన ఎఱ్ఱాప్రగడ ఆయన ఆస్థానంలోని వాడే. కొడుకు అనవోతారెడ్డి రాజధానిని ఈ కొండ మీదికి తెచ్చాడు. అద్దంకి బయలు ప్రదేశం. ఇక్కడ కొండలే కోటగోడలు, వాటిని కలుపుతూ రాళ్లు పేర్చుకుంటే సరి. నీళ్లో? ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు. కొండపైన ఎత్తులో మూడు చెరువులు! వాన నీటిని ఒడిసి పట్టే ఏర్పాటు. కోట చూడడమంటే ముందు ఈ చెరువుల గట్ల మీద నడవడమే. ముట్టడి పడిన కోటకు ప్రాణం కత్తి కంటే ఎక్కువగా నీళ్లల్లో ఉంటుంది.

కుమారగిరిరెడ్డి సంగతి వింటే ఇప్పటి పెళ్లిళ్ల ఆర్భాటం చిన్నబోతుంది. ఏటా వసంతోత్సవం. కర్పూరం, కస్తూరి, పన్నీరు చల్లుకోవడమే. ఆయనకు 'కర్పూర వసంతరాయలు' అని పేరే వచ్చేసింది. సి.నారాయణరెడ్డి ఆ పేరుతోనే కావ్యం రాశారు. మరి అన్ని సుగంధాలు ఎక్కడివి? అవచి తిప్పయ్యసెట్టి అనే వర్తకుడు సరఫరా చేసేవాడు. శ్రీనాథుడు 'హరవిలాసం' కావ్యాన్ని ఆయనకే అంకితమిస్తూ, సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు తెప్పించేవాడని వర్ణించాడు. హ్యూయన్‌త్సాంగ్ పుస్తకాలు పట్టుకెళ్లిన దేశం నుంచి ఏడున్నర శతాబ్దాల తర్వాత ఈ కొండకి చీనాంబరాలు వచ్చాయి. కొండ మీద అంత ఎత్తున ఆ చీరలు ఎవరు కట్టుకున్నారో, ఏ మండపంలో రంగులు చల్లుకున్నారో... రాళ్ల మధ్య కంపచెట్ల నడుమ నిలబడి ఊహించుకోవాల్సిందే.

శ్రీనాథుడు పెదకోమటి వేమారెడ్డి కొలువులో విద్యాధికారి. రాజు పక్కన ఆసనం, కవిసార్వభౌముడన్న కీర్తి. 1424 ప్రాంతంలో రెడ్డిరాజ్యం పడిపోయింది. ఆ తర్వాత ఆయనకేమైందో చాటుపద్యాలే చెబుతాయి. కృష్ణ ఒడ్డున బొడ్డుపల్లిలో భూమి గుత్తకు తీసుకున్నాడట. వరదొచ్చి పంట కొట్టుకుపోయింది. మిగిలిన నువ్వులు, పెసలు పిట్టల పాలు. ఏడు వందల టంకాల శిస్తు కట్టలేక, నడి ఎండలో రాయి మోస్తూ నిలబడే శిక్ష అనుభవించాడట. చాటువుల్లో నిజమెంతో, కల్పనెంతో పండితులు తేల్చుకోవాల్సిందే. కానీ కౌలుకి మిరప వేసి అకాల వర్షానికి పోగొట్టుకున్న రైతులున్న ఊళ్లివి. ఈ కథ ఇక్కడ చెబితే ఎవరూ కల్పన అనుకోరు.

కొండవీడు చేతులు మారుతూనే ఉంది. గజపతులు వచ్చారు. శ్రీకృష్ణదేవరాయలు నెలల తరబడి ముట్టడించి 1515లో గెలిచాడు. గజపతి కొడుకు వీరభద్రుడు ఇక్కడే పట్టుబడ్డాడు. కోటను సాళువ తిమ్మరసు చూసుకున్నాడు, ఆ విజయం సంగతి మంగళగిరి గుడి ముందున్న శాసనంలో ఉంది. తర్వాత గోల్కొండ, ఫ్రెంచివాళ్లు, చివరికి 1788లో ఇంగ్లిషువాళ్లు. కొండ కింద గోపీనాథస్వామి గుడి ఉంది. దాన్నే 'కత్తుల బావి' అంటారు. దర్శనానికి లోపలికి వెళ్లిన శత్రువులు ఒక్కొక్కరే కత్తులు నిలబెట్టిన బావిలో పడిపోయారన్న కథ అక్కడ ఎవర్నడిగినా చెబుతారు. ఎవరు ఎవర్ని చంపించారన్నది మాత్రం ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. పిల్లలు ఆ రోజంతటిలో బాగా గుర్తుపెట్టుకునేది ఈ బావినే, అదీ ఖాయం.

భోజనం కొండ మీద దొరుకుతుందన్న నమ్మకంతో వెళ్లొద్దు. పెరుగన్నం, మంచినీళ్లు వెంట ఉంటే చెరువు గట్టున చెట్టు నీడలో అంతకంటే మంచి హోటలు లేదు.

నాగార్జునకొండను కూడా ఇదే రోజున కలిపేద్దామని కొందరికి ఆశ పుడుతుంది. వద్దు. అది పడమర కొసన సాగర్ మధ్యలో ఉంది. ఇక్ష్వాకుల విజయపురి నీళ్లలో మునిగే ముందు 1954 నుంచి 1960 వరకు తవ్వి, వీలైనన్ని కట్టడాలను కొండ మీదికి చేర్చారు. లాంచీ ఎక్కాలి, మ్యూజియం చూడాలి. దానికి ఒక రోజు విడిగా కేటాయించాల్సిందే. మూడో శతాబ్దంలో అక్కడ బోధిశ్రీ అనే ఉపాసిక వేయించిన శాసనంలో బౌద్ధ భిక్షువులు వెళ్లిన దేశాల జాబితా ఉంది. కాశ్మీరం, గాంధారం, సింహళంతో పాటు చీనా పేరూ అందులో కనిపిస్తుంది.

ఓడలకు అభయం

మూడింటికల్లా కొండ దిగితే జాతీయ రహదారి మీద చిలకలూరిపేట దాటి దక్షిణంగా సాగిపోవచ్చు. అద్దంకి వైపు తిరగడానికి సమయం చాలదు కానీ తొమ్మిదో శతాబ్దంలోనే పండరంగడి శాసనంలో తెలుగు పద్యం చెక్కిన ఊరది అని గుర్తు చేసుకోవచ్చు. పత్తి చేలు పలచబడి, జీడితోటలు, సరుగుడు తోపులు, ఇసుక నేల మొదలైతే సముద్రం దగ్గర పడినట్లే. చినగంజాం మండలంలో మోటుపల్లి.

ఇప్పుడది చిన్న పల్లె. కాకతీయ గణపతిదేవుడి కాలంలో మాత్రం రాజ్యానికి సముద్రద్వారం. వీరభద్రస్వామి గుడి మండపంలో స్తంభం మీద ఆయన 1244లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు రాజులకు ఓ చెడ్డ అలవాటు. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ కనబడితే చాలు, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ లాగేసుకునేవారు. ఓడ పగిలి ప్రాణాలతో బయటపడ్డవాడి మీద ఇంకో దెబ్బ. గణపతిదేవుడు ఇకపై అలా జరగదని మాటిచ్చాడు. ప్రాణంకంటే ఎక్కువగా కూడబెట్టుకున్న ధనాన్ని మేం ముట్టుకోం, ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప మిగిలినదంతా వాళ్లదేనని రాయించాడు. కింద సరుకుల పట్టీ కూడా ఉంది. చందనం, ముత్యాలు, పన్నీరు, దంతం, రాగి, సీసం, పట్టు దారం, పగడాలు, మిరియాలు. కర్పూరంలో దేశవాళీ వేరు, చీనా కర్పూరం వేరు!

సుమారు యాభై ఏళ్ల తర్వాత మార్కోపోలో ఈ తీరం గురించి 'ముత్ఫిలి' అని రాశాడు. భర్త పోయాక న్యాయంగా రాజ్యమేలిన రాణి అని ఆయన మెచ్చుకున్నది రుద్రమదేవినే. ఆమె గణపతిదేవుడి కూతురు, భార్య కాదు. విన్నది విన్నట్లు రాసుకునే బాటసారికి ఆ మాత్రం పొరపాటు సహజం. ఆయన బాగా మెచ్చింది ఇక్కడి నూలుబట్టని. సాలెగూడులా పలచగా ఉందన్నాడు. 1358లో కొండవీటి అనవోతారెడ్డి కూడా వర్తకులకు ధైర్యం చెబుతూ ఇక్కడే కొత్త శాసనం వేయించాడు. వచ్చే వర్తకులు రకరకాల వాళ్లు కాబట్టి సంస్కృతం, తెలుగుతో పాటు తమిళంలో కూడా చెక్కించాడు. పొద్దున చూసిన కొండకీ ఈ రేవుకీ ఉన్న బంధం అది.

గుళ్లో చీకటి పడకముందే స్తంభం దగ్గరికి చేరుకోవాలి. అక్షరాలు అరిగి ఉంటాయి, ఏటవాలు వెలుతురులోనే ఆ గీతలు తేలతాయి. వెంట వచ్చిన మాస్టారు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టకుండా, దూరం నుంచే చూపిస్తూ చదివితే పిల్లలు నాలుగైదు అక్షరాలు వాళ్లంతట వాళ్లే గుర్తుపడతారు. 'ఇది గ లాగుంది కదూ' అని ఒకళ్లు మొదలెడితే ఇక కారు ఎక్కించడం కష్టం.

తిరుగుదారి చీరాల మీదుగా. మార్కోపోలో పొగిడిన తీరం నేతపని అక్కడ ఇప్పటికీ మగ్గాల మీద నడుస్తూనే ఉంది. పొద్దుపోయాక కూడా కొన్ని చీరల కొట్లు తీసే ఉంటాయి. ఇంటిల్లిపాదీ దిగితే గుంటూరు చేరేసరికి మాత్రం పది దాటుతుంది.